గంపగుత్తా, కూలా, కొలతా: మా ఇళ్ళను కట్టిన ఒప్పందాలు

చాలా నెలలైంది ఇక్కడ రాసి. కారణం ఇల్లు. కోలారులో నాయన పేరున ఉన్న 30కి 40 అడుగుల సైటులో ఇల్లు కట్టాలని పోయిన దీపావళికి తీర్మానం అయింది. ఎట్లాంటి ఇల్లు అన్నదానికి ఒక పూట పట్టింది. ఏ ఒప్పందం మీద కట్టించాలి అన్నదానికి మాత్రం మూడు రోజులు వాదన జరిగినా తేలలేదు.

చిన్నాయన "మొత్తానికి గుత్తకు ఇచ్చేద్దాం, తలనొప్పి ఉండదు" అన్నాడు. ఆ మాట వినగానే నాయన ముఖం మారిపోయింది. "మన ఇంట్లో గుత్త మాట ఎత్తొద్దు. మీ అవ్వ కాసులపేరు ఎక్కడికి పోయిందో మర్చిపోయినారా?" అన్నాడు. అంతే, ఇంక ఎవరూ మాట్లాడలేదు.

మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ పరీక్షించే పని. కొత్తది విడుదల చేసేముందు పాతది ఎక్కడ చెడిపోయిందో చూడడం మాకు అలవాటు. అందుకని పండగ అయినాక తాత పెట్టె దించినాము. అందులో ఉన్న కాగితాలు, నాయన చెప్పిన మాటలు, అన్న దాచిన ఫైలు, ఈ మూడూ పెట్టుకుని మా కుటుంబం కట్టిన నాలుగు ఇళ్ళ కథ రాస్తున్నాము. మేము చదివింది కన్నడ మీడియంలో. తెలుగు అక్షరాలు పెద్దయినాక నేర్చుకున్నవి. తప్పులుంటే దిద్దండి.

ముందు మాటల సంగతి

కన్నడలో కాంట్రాక్టును గుత్తిగె అంటారు, కాంట్రాక్టరును గుత్తిగెదార అంటారు. బడిలో చదివినప్పుడు ఇది కన్నడ మాట అనే అనుకున్నాము. ఇంట్లో అవ్వ "చింతచెట్టు గుత్తకిచ్చినాము" అనేది. అప్పుడు రెండూ ఒకటేనని తోచలేదు. తెలుగులో గుత్త అంటే మొత్తం, కలిపి అని కూడా అర్థం ఉంది. గంపగుత్తగా కొన్నాము అంటే లెక్కపెట్టకుండా, తూచకుండా, గంపకు ఇంతని కొన్నామని. ఇప్పుడు ఇంజనీర్లు లంప్‌సమ్ అనే ఒప్పందం అచ్చంగా అదే. లోపల ఎన్ని ఉన్నాయో చూడం, మొత్తానికి ఒక ధర.

మిగతా మాటలు తలా ఒక దారిన వచ్చినాయి. కరారు, కౌలు అరబ్బీ నుంచి వచ్చినవి. కౌలుకు మూలార్థం ఇచ్చిన మాట అని. మేస్త్రీ పోర్చుగీసువాళ్ళ మాట. కాంట్రాక్టు ఇంగ్లీషుది. ఇన్ని భాషలవాళ్ళు ఇక్కడికొచ్చి కట్టించినారు, అందరికీ ఒకటే చిక్కు. పని పూర్తి కాకముందే ధర తేల్చుకోవాలి. ఎంత పని పడుతుందో ఎవరికీ పూర్తిగా తెలీదు.

మొదటి ఇల్లు: కొలత లెక్క

ముత్తాత ముళబాగిలు తాలూకా పల్లెలో కట్టింది మట్టిగోడల ఇల్లు, పైన రాతి చప్పడి కప్పు. 1930 ప్రాంతంలో అని నాయన అంచనా. మన పక్క ఇళ్ళు చూసినవాళ్ళకు తెలుసు, కోలారు సీమలో రాయికి కొదవ లేదు. అడ్డంగా రాతి దూలాలు, వాటిమీద చప్పడి బండలు, సందుల్లో సున్నం గార. మరమ్మతు తక్కువ, ఎండాకాలం చల్లగా ఉంటుంది.

దానికి కాగితమంటూ లేదు. అయినా ఒప్పందం లేదనుకోకూడదు. బండకు ఇంతని రాయి కొట్టేవాళ్ళకు, గజానికి ఇంతని గోడ పెట్టేవాళ్ళకు. కొంత డబ్బు, కొంత రాగులు. మట్టి తవ్వేవాళ్ళు మన తెలుగు మాట్లాడే ఒడ్డెవాళ్ళే. వాళ్ళ లెక్క ఎట్లా చేసేవారో తాత నాయనకు చెప్పినాడట. గుంత తవ్వేటప్పుడు మధ్యలో అక్కడక్కడ ఒక మట్టి దిమ్మె తవ్వకుండా వదిలిపెడతారు. నేల మొదట ఎంత ఎత్తున ఉండిందో ఆ దిమ్మె చూపిస్తుంది. దానిమీద నుంచి లోతు కొలిచి, పొడవు వెడల్పుతో గుణించి కూలి ఇస్తారు. లెక్క తేలి డబ్బు చేతికి వచ్చినాకే దిమ్మెను పడగొట్టేది. తాత దాన్ని సాక్షి అనేవాడు.

ఇది మాకు చాలా నచ్చింది. నోటిమాట నమ్మాల్సిన పని లేదు, సాక్ష్యం నేలలోనే నిలబడి ఉంటుంది.

1854లో డల్హౌసీ కాలంలో పబ్లిక్ వర్క్స్ డిపార్టుమెంటు పెట్టినాక సర్కారు పనుల్లో వేళ్ళూనుకున్న పద్ధతి కూడా కొలతదే. ఏయే పనికి ఏ ధరో ముందే రాసుకుంటారు. చేసిన పనిని కొలిచి పుస్తకంలో ఎక్కిస్తారు. ఆ పుస్తకాన్నే ఈ రోజుకూ ఎం.బుక్ అంటారు. దానిప్రకారం బిల్లు. దీన్ని ఐటెం రేటు ఒప్పందం అంటారు. ఇందులో ధర మారదు, పరిమాణం మారవచ్చు. పునాది రెండడుగులు ఎక్కువ లోతు పోతే ఆ రెండడుగులకు యజమాని కడతాడు. తక్కువైతే యజమానికే మిగులుతుంది. మోసం అన్న మాటకు చోటు తక్కువ. కానీ కొలిచే మనిషి కావాలి, మొత్తం ఎంతవుతుందో చివరిదాకా తెలీదు. ముత్తాత ఇంటికి మూడు ఎండాకాలాలు పట్టింది. రాగులు పండిన ఏడు కట్టినాడు, పండని ఏడు ఆపినాడు.

రెండో ఇల్లు: గుత్త

ఇది రాయడానికి నాయన అనుమతి తీసుకున్నాము.

1964లో తాత ముళబాగిలు ఊళ్ళో సైటు కొని మంగళూరు పెంకుల ఇల్లు కట్టాలనుకున్నాడు. బాసెల్ మిషనువాళ్ళు 1865లో మంగళూరులో పెంకుల ఫ్యాక్టరీ మొదలుపెట్టినాక ఆ ఎర్ర పెంకులు దక్షిణాదంతా పాకినాయి. పెంకుటిల్లంటే అప్పట్లో పల్లెనుంచి ఊరికి ఎదిగినట్టు లెక్క. తాతకు వ్యవసాయం వదిలి రోజూ వచ్చి నిలబడే తీరిక లేదు. అందుకని మొత్తం గుత్తకిచ్చినాడు. ఎవరికి? అవ్వకు అన్న వరసయ్యే మనిషికి. ఆయన మేస్త్రీ పని తెలిసినవాడు, నమ్మినవాడు.

మేము చిన్నప్పటినుంచి విన్న కథ ఇది: ఆయన డబ్బు తీసుకుని గోడలు లింటెల్ మట్టానికి లేపి వెళ్ళిపోయినాడు. అవ్వ కాసులపేరు అమ్మితేగాని ఇల్లు పూర్తి కాలేదు. ఆ తరువాత అవ్వ పుట్టింటి గడప తొక్కలేదు. అక్కడ పెళ్ళిళ్ళు జరిగినాయి, చావులు జరిగినాయి, అవ్వ పోలేదు. "డబ్బు పోతే పోనీ, మాట పోయింది" అనేది.

పెట్టెలో ఆ కరారు కాగితం దొరికింది. స్టాంపు కాగితం మీద తెలుగు మాటలు, కన్నడ అక్షరాలు. మన పెద్దవాళ్ళు చాలామంది అట్లాగే రాసేవారు. మొత్తం మూడు వాక్యాలు. ఐదంకణాల ఇల్లు, మంగళూరు పెంకు, సున్నం గోడలు, అంతా కలిపి 7,500 రూపాయలు. సంతకం రోజున 4,000. మిగతాది పని అయినాక. అంతే. నక్షా లేదు. కొయ్య ఏ రకమో లేదు. ఎన్ని నెలల్లో అని లేదు. ఎక్కువ పని చెబితే ఏంచేయాలో లేదు.

తాత లెక్కల పుస్తకం పక్కన పెట్టుకుని చదివితే ఇంకో సంగతి తెలిసింది. గోడలు లేస్తుండగా వెనకాల పశువులకు ఒక అంకణం కలపమని తాత చెప్పినాడు. ముందు వాకిలికి వేపకొయ్య మార్చి టేకు పెట్టమన్నాడు. రెండింటికీ ధర రాయలేదు. ఇంకో 1,500 ఇచ్చినట్టు ఉంది, ఎందుకిచ్చిందో లేదు. అంటే మొత్తం 5,500 ముట్టింది. 1965లో వానలు లేవు, ధరలు పెరిగినాయి. 1966 జూన్‌లో రూపాయి విలువ కూడా తగ్గించినారు. గుత్త ధర మాత్రం 1964లో రాసిందే.

ఆ పుస్తకం మధ్యలో మడిచిపెట్టిన ఒక చీటీ ఉంది. తాత చేతిరాత కాదు. కొయ్య, సున్నం, బండి బాడుగ, కూలి, పెంకులు, ఒక్కొక్కటీ రాసి కింద మొత్తం వేసింది. 6,140. ఆ గుత్తదారు ఇచ్చిన లెక్క అది. ఆయనకు ముట్టినదానికంటే 640 ఎక్కువ.

మేము వెంటనే నమ్మలేదు. మా పనిలో ఎవరి రిపోర్టునూ వాళ్ళ మాటమీద నమ్మం. చీటీలోని పెంకుల లెక్క, బండి బాడుగలు తాత పుస్తకంలో విడిగా రాసుకున్నవాటితో పోల్చినాము. చూడగలిగినంతవరకు రెండూ సరిపోయినాయి. ఆయన చేతి డబ్బు పెట్టి, ఇంక పెట్టలేక పని వదిలేసినట్టుంది. చెప్పకుండా వదిలేయడం తప్పే. కానీ మన ఇంట్లో అరవై ఏళ్ళుగా చెప్పుకున్నట్టు డబ్బు తినేసి పోయిన మనిషి కాదు.

నాయనకు చూపించినాము. చాలాసేపు ఆ చీటీ చేతిలో పట్టుకుని కూర్చున్నాడు. "మా నాయన దీన్ని చింపెయ్యకుండా దాచినాడంటే ఆయనకు తెలిసే ఉంటుందిరా" అన్నాడు. అవ్వకు మాత్రం తెలిసినట్టు లేదు. అవ్వ పోయి పదకొండేళ్ళయింది.

ఇక్కడ గుత్త మంచిదా చెడ్డదా అన్నది అసలు ప్రశ్న కాదు. గుత్తలో లాభమూ నష్టమూ రెండూ కట్టేవాడి నెత్తిన ఉంటాయి. అది న్యాయంగా ఉండాలంటే ఏం కట్టాలో ముందే పూర్తిగా రాసి ఉండాలి. తాత ధరను కట్టేసి పనిని విప్పి వదిలినాడు. మా ఆఫీసులోనూ ప్రాజెక్టులు ఇట్లాగే చెడిపోతాయి. ధర ఖాయం, గడువు ఖాయం, కావలసినవి మాత్రం వారానికొకటి పెరుగుతుంటాయి.

మూడో ఇల్లు: కూలి కాంట్రాక్టు

1984లో నాయన కట్టించింది కూలి కాంట్రాక్టు మీద. సామాను మనది, పని మేస్త్రీది. చదరానికి ఇంతని. చదరం అంటే మన పక్క నూరు చదరపుటడుగులు. గుత్త చేదు జ్ఞాపకం ఒక కారణం. ఇంకో కారణం సిమెంటు.

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు, సిమెంటు కోసం పర్మిట్లు తెచ్చుకున్న కాలం అది. సిమెంటు కొరత మన దేశంలో పాత కథే. కృష్ణరాజసాగర కట్ట 1911లో మొదలైనప్పుడు సిమెంటు బదులు సుర్కి గారతోనే కట్టినారు. ఆ పని తలకెత్తుకున్న సర్ ఎం. విశ్వేశ్వరయ్యగారి వంశం కూడా మనలాగే ఆంధ్ర సీమలోని మోక్షగుండం నుంచి వచ్చి ముద్దేనహళ్ళిలో స్థిరపడింది. స్వాతంత్ర్యం వచ్చినాక కూడా ఎన్నో ఏళ్ళు సిమెంటు ధర, పంపకం సర్కారు చేతిలో ఉండేవి. 1982లో సగం సడలించినారు, ఒక భాగం లెవీ ధరకు, మిగతాది బయట ధరకు. పూర్తిగా వదిలింది 1989లో.

సిమెంటు దొరకడమే కష్టమైనప్పుడు మేస్త్రీ సామానుతో సహా ధర ఎట్లా చెబుతాడు? కాళ్ళరిగేలా తిరిగి తెచ్చుకోవాల్సింది యజమానే. అందుకే ఆ తరంలో కూలి కాంట్రాక్టు అంతగా నడిచిందని మేము అనుకుంటున్నాము. నాయన తోటి ఉద్యోగులు చాలామంది అట్లాగే కట్టించినారు.

నాయన రోజూ పొద్దున అరగంట, సాయంత్రం గంట నిలబడేవాడు. ఇటుకలు లెక్కపెట్టేవాడు. గోడలకు నీళ్ళు అమ్మ పట్టేది. ఒకసారి రాగి కోతలకని కూలీలు నెల రోజులు రాలేదు. వసారాలో పేర్చిన సిమెంటు మూటలు ఏడు గడ్డకట్టినాయి. ఆ నష్టం నాయనదే, ఎందుకంటే సామాను ఆయనది. మేస్త్రీకి చదరం లెక్కే, సామాను వృథా అయితే ఆయన జేబుకు చిల్లు పడదు. ఇల్లు కావడానికి రెండేళ్ళు పట్టింది. కానీ నలభై ఏళ్ళు దాటినా స్లాబు మీద ఒక్క చెమ్మ మరక లేదు.

కూలి కాంట్రాక్టుకు అసలు ధర యజమాని రోజులు. నాయనకు 31 ఏళ్ళు అప్పుడు. ఇప్పుడు ఆయనకు డెబ్బై దాటింది.

నాలుగో ఇల్లు: అడుగు లెక్క

2009లో పెదనాయన కొడుకు, మా అన్న, బెంగళూరులో కట్టించింది సామానుతో సహా అడుగుకు ఇంతని. ఇప్పుడు ఎక్కువగా నడుస్తున్నది ఇదే. చూడడానికి గుత్తలా, కొలతలా రెండూ కలిసినట్టుంటుంది. అన్న ఫైలు చూస్తే జగడమంతా ఒక్క మాట మీదే. అడుగు అంటే ఏ అడుగు? బాల్కనీ పూర్తిగా లెక్కా, సగమా? మెట్లపైన గది? సంపు, కాంపౌండు గోడ, నీళ్ళ ట్యాంకు ధరలో ఉన్నాయా లేవా? ఒప్పందంలో మంచి రకం టైల్స్ అని ఉంది, ఎంత ధరవి అని లేదు. చివరికి అనుకున్నదానికి ఆరోవంతు ఎక్కువైంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరికీ సంతోషమూ లేదు.

ఇంకొకటి ఉంది, మా ఇంట్లో ఎవరూ చేయనిది. అయిన ఖర్చంతా యజమాని ఇచ్చి, పైన కాంట్రాక్టరుకు నూటికి ఇంతని. ఇందులో ఖర్చు పెరిగితే ఆయన వాటా కూడా పెరుగుతుంది, తగ్గించమని ఆయన్ను తొందరపెట్టేది ఏమీ లేదు. చేయాల్సివస్తే శాతం కాకుండా ఖాయమైన మొత్తం ఫీజుగా పెట్టుకోవడం, ఖర్చుకు ఒక హద్దు రాసుకోవడం మేలు.

మేము తేల్చుకున్నది

నాలుగు ఇళ్ళూ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒక సంగతి స్పష్టమైంది. తెలిసినదానికి గుత్త. తెలియనిదానికి కొలత. రోజూ నిలబడే మనిషి ఇంట్లో ఉంటేనే కూలి. తాత ఇవ్వగూడని దశలో గుత్తకిచ్చినాడు. నాయన ఇవ్వగలిగిన రోజుల్లో కూలికిచ్చినాడు. తేడా అంతే.

మా సైటులో ఈశాన్య మూల పూడ్చిన పాత బావి ఉంది. అక్కడ గట్టి నేల ఎంత లోతున తగులుతుందో ఎవరూ చెప్పలేరు. పునాదిని కూడా గుత్తలో కలిపితే కాంట్రాక్టరు భయంతో ధర పెంచి చెబుతాడు, లేదా తక్కువ చెప్పి మధ్యలో ఇరుక్కుంటాడు. అందుకని ప్లింతు మట్టం దాకా ఐటెం రేటు, కొలిచి కట్టడం. ప్లింతు పైన నక్షా పూర్తిగా గీయించి, అప్పుడు గుత్త. మేము బెంగళూరులో సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో ఉంటాము కాబట్టి, కొలతలకు మా ఇద్దరికీ సంబంధం లేని ఒక ఇంజనీరును పెట్టుకున్నాము.

కాగితంలో రాసుకున్నవి కూడా చెబుతాము, ఎవరికైనా పనికొస్తాయి. ప్రతి గది నక్షా ఒప్పందానికే కుట్టినాము. సిమెంటు, కంబి, కొయ్య, టైల్స్, తీగలు ఏ రకమో, ఎంత ధరలోవో పట్టిక వేసినాము. ముందస్తు నూటికి పదికి మించి లేదు. మిగతాది పునాది, లింటెల్, స్లాబు, గారపని, ఇట్లా దశ ముగిసినప్పుడల్లా. చివరి అయిదు శాతం ఒక వానాకాలం గడిచినాక. కొత్త పని ఏది చెప్పినా ముందు ధర రాసి ఇద్దరూ సంతకం పెట్టాలి, లేకపోతే ఆ పని చెప్పనట్టే లెక్క. సిమెంటు, కంబి ధర ఒక హద్దు దాటి పెరిగితే ఆ పెరుగుదల చెరిసగం. ఈ చివరిది నాయన చేర్పించినాడు. "ఆయన కూడా ఇల్లు గడుపుకోవాలి కదా" అన్నాడు.

ఆలస్యానికి జరిమానా పెద్దగా రాయాలని చిన్నాయన పట్టుబట్టినాడు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం కాగితంలో ఎంత రాసుకున్నా కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే, రాసిన మొత్తం దానికి పైహద్దు మాత్రమే. అందుకని బెదిరించే అంకె వద్దనుకున్నాము. పని బాగాలేకపోతే వినియోగదారుల కమిషన్ దగ్గరికి పోవచ్చు, ఇల్లు కట్టివ్వడం కూడా సేవ కిందికే వస్తుందని 1993 నుంచి చట్టంలోనే ఉంది. అంతదాకా పోకుండా ఉండడానికే ఇంత రాసుకున్నది.

పోయిన నెల పునాది తవ్వినారు. ఇప్పుడు జేసీబీ వచ్చి పొద్దున్నుంచి మధ్యాహ్నం లోపల తవ్వేస్తుంది. నాయన కుర్చీ వేసుకుని కూర్చుని, గుంత మధ్యలో ఒక దిమ్మె వదలమన్నాడు. డ్రైవరుకు అర్థం కాలేదు. ఇంజనీరు నవ్వినాడు, కానీ వదిలించినాడు. బావి మూలలో గట్టి నేల పదకొండు అడుగులకు తగిలింది. కొలిచి, రాసి, కాంట్రాక్టరు సంతకం పెట్టినాక దిమ్మె తీసేసినారు.

భూమిపూజకు ముందు నాయన, మేము ముళబాగిలు పక్కన అవ్వ పుట్టింటి ఊరికి పోయినాము. ఆ గుత్తదారు ఇప్పుడు లేడు. ఆయన కొడుకు ఉన్నాడు, నాయనకంటే పెద్దవాడు. నాయన ఆ చీటీ ఆయన చేతికిచ్చి, "బావా, ఇది మీ నాయన రాతేనా చూడు" అన్నాడు. ఆయన కళ్ళద్దాలు తెచ్చుకుని చదివినాడు. "మా నాయన చచ్చేదాకా ఈ 640 గురించి చెప్పేవాడు. మేము నమ్మలేదు" అన్నాడు.

పూజకు వాళ్ళ ఇంటినుంచి ఇద్దరు వచ్చినారు. గృహప్రవేశం వైశాఖంలో అనుకుంటున్నాము. మొదటి పత్రిక ఆ ఇంటికే. మీ ఇళ్ళల్లో కూడా పాత కరారు కాగితాలు ఉంటే చెదలు పట్టకముందు ఫోటో తీసి దాచండి, వీలైతే మాకూ పంపండి.